అర్థశాస్త్ర అధ్యయనం – సామాజికశాస్త్ర దృక్పథం: మౌలాలి నేపథ్యం

విశ్వవిద్యాలయ అర్థశాస్త్ర పాఠంలో వేతనమంటే శ్రమకు గిరాకీ, సరఫరాలు కలిసే బిందువు. మౌలాలిలో ఆ బిందువు అంత తేలికగా దొరకదు. రైల్వే లోకోషెడ్డులోని శాశ్వత ఉద్యోగికి వేతనసంఘం సిఫార్సులు ఆధారం. పారిశ్రామికవాడలోని కాంట్రాక్టు కార్మికునికి, చట్టబద్ధ కనీస వేతనం ఎలాగూ ఉన్నా, ఆచరణలో కాంట్రాక్టరు మాటే ఆధారం కావచ్చు. నైపుణ్యం ఒకటే, వెలలు రెండు. ఈ తేడాను గ్రాఫు చూపగలదు. ఎవరు ఏ వైపు, ఎందుకు నిలిచారో చెప్పలేదు. పని కబురు ఏ బంధువు ద్వారా అందింది, ఇంటిపని ముగిశాక స్త్రీకి ఎన్ని గంటలు మిగిలాయి అన్నవి సామాజికశాస్త్ర ప్రశ్నలు. వాటి జవాబులు మాత్రం కూలిలోనే తేలతాయి.

ఈ దృష్టి ఇక్కడ కొత్తది కాదు. మౌలాలికి ఉత్తరాన ఉన్న శామీర్‌పేటలో 1951-52లో ఉస్మానియా విశ్వవిద్యాలయ బృందం వివిధ శాఖల సహకారంతో అధ్యయనం జరిపింది. దాని ఆధారంగా ఎస్.సి. దూబే రచించిన ‘ఇండియన్ విలేజ్’ 1955లో వెలువడింది. అందులో ఆర్థిక నిర్మాణం ఒక అధ్యాయం. దానికి ముందు సామాజిక నిర్మాణం, తరువాత ఆచార వ్యవస్థ, కుటుంబ బంధాలు. ఆ వరుసే ఒక వాదన.

నేటి పరిశోధన ఎక్కువగా ద్వితీయ దత్తాంశంపై నడుస్తోంది. జాతీయ శ్రామికశక్తి సర్వేలో 92, 93 సంకేతాల కింద నమోదైన గృహిణి శ్రామికశక్తి వెలుపలే ఉంటుంది. ఆమె ఇంట్లో కూర్చుని ముక్కల లెక్కన చేసే కుట్టుపని ఏ గడిలో పడిందో తెలియాలంటే, గణకుడు అడిగిన ప్రశ్నను మళ్లీ ఆమె గుమ్మంలోనే అడగాలి.