పులి జాడ – చెంచుల నేర్పు

హాలియా మీదుగా నాగార్జునసాగరం చేరినవారికి కృష్ణానది వెంట నల్లమల కొండలు కనిపిస్తాయి. 1983లో పులుల సంరక్షణ పథకంలో చేరిన ఈ అడవిలోని తెలంగాణ భాగమే నేటి అమ్రాబాద్ పులుల అభయారణ్యం. దాని విస్తీర్ణం సుమారు 2,611 చదరపు కిలోమీటర్లు. అందులో కొంత నల్గొండ జిల్లాలోనిదే.

పెద్దపులి అంత సులభంగా కంటపడదు. పూర్వం పాదముద్రలను బట్టి పులులను లెక్కించేవారు. ఒకే పులి అడుగు ఇసుకలో ఒకలా, తడిమట్టిలో మరొకలా పడుతుంది. లెక్క తప్పక ఏమవుతుంది? 2006 నుండి దేశవ్యాప్త గణనలో కెమెరాలకు ప్రాధాన్యం పెరిగింది. మన వేలిముద్రల వలె ఏ రెండు పులుల చారలూ ఒకటి కావు. ఒకే పులికి కుడిపక్క చారలు వేరు, ఎడమపక్కవి వేరు. కనుక బాటకు ఇరువైపులా కెమెరాలను ఎదురెదురుగా అమరుస్తారు.

అయితే ఏ బాటకు? అది యంత్రం చెప్పలేదు, చెంచులు చెప్పగలరు. తరతరాలుగా తేనె, దుంపలు సేకరిస్తూ జీవించినవారికి వేసవిలో ఏ వాగున నీరు నిలుస్తుందో, దుప్పి ఎందుకు అరిచిందో తెలుసు. అటవీశాఖ శిబిరాలలో చెంచు యువకులు కాపలాదారులై కాలినడకన తిరుగుతూ జాడలను గుర్తిస్తారు, వేటగాళ్ళ ఉచ్చులను తొలగిస్తారు, కార్చిచ్చును ఆర్పుతారు.

ఇంతటి సేవ చేసేవారి పల్లెలను పులుల కొరకే తరలించాలన్న ప్రతిపాదనలు ఉండడం విచిత్రమే. గ్రామసభ సమ్మతి లేనిదే తరలింపు కూడదని 2006 నాటి అటవీ హక్కుల చట్టం నిర్దేశిస్తున్నది.