బీరువాలో భూదానం

1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో వెదిరె రామచంద్రారెడ్డి లేచి నిలబడి, వినోబా భావేతో వంద ఎకరాలు ఇస్తానన్నారు. ఊరు భూదాన్ పోచంపల్లి అయింది. అదే ఊళ్లో ఇవాళ ఏ ఇంట్లోనైనా బీరువా తెరిచి, ‘ఇందులోంచి ఒక్క చీర తీసేద్దామా’ అని అడిగి చూడండి. వంద ఎకరాలివ్వడమే సులువనిపిస్తుంది.

ఇంటావిడను తప్పుపట్టలేం. ఏడాదిగా కట్టనిదాన్ని బయటపడేయాలన్నది పట్నం సలహా. చీర ఎలా తయారవుతుందో చూసినవాళ్లకు అది రుచించదు. ఇది ఇక్కత్ చీరలు నేసే ఊరు. ఇక్కడ డిజైన్ బట్ట మీద పడేది కాదు, నేయకముందే పోగులోకి ఎక్కాలి. ముందు ఆసు పోయాలి, అంటే పోగును మేకుల చుట్టూ వరసగా చుట్టాలి. చేత్తో పోస్తే ఒక్క చీరకు దాదాపు 9 వేల సార్లు చెయ్యి అటూ ఇటూ ఆడాలి. తల్లి భుజాల నొప్పి చూడలేకే ఆలేరు దగ్గరి శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం 1999లో ఆసు యంత్రం తయారుచేశారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఆసు అయ్యాక గీసుకున్న గుర్తుల ప్రకారం కట్లు కట్టాలి, రంగులో ముంచాలి, విప్పాలి, ఇంకో రంగుకు మళ్లీ కట్టాలి. మగ్గం ఎక్కేది ఆ తర్వాతే.

కాబట్టి బీరువాలో ముందు వెతకాల్సింది పాత చీరలను కాదు, పెట్టుడు చీరలను. జాగా తినేది అవే. గృహప్రవేశంలో వచ్చిన చీర ఒడిబియ్యంలో వెళ్తుంది, అక్కణ్నుంచి ఇంకో పెళ్లికి వెళ్తుంది. కవరు విప్పేవాళ్లుండరు. ఏ చీర ఎవరు పెట్టారో చీటీ రాసి పెట్టకపోతే, ఒకరోజు బయల్దేరిన ఇంటికే తిరిగి చేరుతుంది. ఆ తర్వాత రెండిళ్ల మధ్య మాటలుండవు. ఇవన్నీ, వాటితోపాటు కనుముల (జాకెట్టు ముక్కల) కట్టలూ, బీరువా బయట ఒక సంచిలోకి మార్చండి. సగం అర ఖాళీ.

మిగిలినవాటిలో ఏది నేసింది, ఏది అచ్చు వేసింది అని అనుమానమొస్తే తిరగేసి చూడండి. రంగు పోగులోనే ఉంటుంది కనుక అసలు ఇక్కత్ రెండు వైపులా ఒకేలా కనిపిస్తుంది. అచ్చు చీర వెనకవైపు సాధారణంగా వెలవెలబోతుంది. దానికి పట్టుచీర మర్యాదలు అక్కర్లేదు.

పాత నూలు చీరలకు ఎప్పట్నుంచో ఉన్న దారి బొంత. అంత ఓపిక లేకపోతే స్టీలు సామాన్లవాడు. అయితే వాడి కేక వినబడకముందే ఏవి ఇవ్వాలో తేల్చుకోండి. గిన్నె చూశాక తీసుకునే నిర్ణయాలు బీరువాకు మంచివి కావు.

ఉంచుకున్నవాటిని ఎలా ఉంచాలన్నదే అసలు విషయం. దుకాణం ఇచ్చిన ప్లాస్టిక్ కవరు తీసేయండి; వానాకాలం తేమ లోపలే ఉండిపోతుంది. ఉతికిన తెల్లటి పాత నూలుగుడ్డలో చుట్టండి. నాఫ్తలీన్ గోళీలు వాడితే చిన్న సంచిలో కట్టి మూలన వేయండి, బట్టకూ జరీకీ తగలకూడదు. నూలు చీరను గంజితో దాచొద్దు. మనం గంజి పెట్టేది నిలబడటానికి, పురుగు దాన్ని తినేది బతకడానికి. బీరువాకూ గోడకూ మధ్య నాలుగు వేళ్ల సందు వదలండి.

అన్నిటికన్నా ముఖ్యం మడత. పట్టుచీర నలిగి చిరిగేది ఎక్కువగా మడత గీత దగ్గరే, జరీ అంచున్నచోట మరీ ఎక్కువ. రెండు మూడు నెలలకోసారి విప్పి, పాత గీత లోపలికి రాకుండా కొత్తచోట మడవాలి. బరువైన చీరను సన్నటి తీగ హ్యాంగర్‌కు వేలాడదీస్తే బరువంతా ఒక్క గీత మీదే పడుతుంది.

అరలు సర్దేటప్పుడు మంచి చీరలు అడుగున, రోజువారీవి పైన పెట్టడం మన అలవాటు. దాన్ని తిరగేయాలి. కళ్లెదురుగా లేనిది గుర్తుకురాదు, గుర్తుకురానిది కట్టుకోరు. పైగా కట్టుకున్న చీరకు గాలి తగులుతుంది, మడత మారుతుంది, మరక ఉంటే కనబడుతుంది. విప్పాక ఒక రాత్రి నీడన ఆరేసి లోపల పెట్టండి, ఎండలో వద్దు.

వానలు తగ్గాక కార్తీకంలో ఒక పొడి రోజు చూసి బీరువా అంతా దించండి. ఈలోగా అడుగునున్న పోచంపల్లి చీర తీసి ఈ వారమే కట్టుకోండి. దానికి పెళ్లి పిలుపు రావాలన్న రూలేం లేదు.