మడమను మరిస్తే కొలువుకే ఎసరు

అనంతపురం: పోలీసు దేహదారుఢ్య పరీక్షల తేదీలు వెలువడితే చాలు, జిల్లాలోని కళాశాల మైదానాలు, ఊరి వెలుపలి తారురోడ్లు తెల్లవారకముందే యువతతో నిండిపోతాయి. వర్షాధార వేరుశనగపై భరోసా సన్నగిల్లిన ఇంటికి ఖాకీ కొలువు పెద్ద ఆసరా. కానిస్టేబుల్ పోస్టుకు పురుషులు 1600 మీటర్ల పరుగును 8 నిమిషాల్లో, మహిళలు 10 నిమిషాల 30 సెకన్లలో పూర్తిచేయాలి. సైనిక ర్యాలీలోనైతే 1.6 కిలోమీటర్లను 5 నిమిషాల 30 సెకన్లలోపు ముగించిన వారికే పూర్తి మార్కులు. ఈ సాధనలో ముందుగా మొరాయించేది మడమ.

2022 నవంబరులో వెలువడిన కానిస్టేబుల్ ప్రకటనకు దేహదారుఢ్య పరీక్షలు 2024 డిసెంబరు ఆఖరులో గాని మొదలుకాలేదు. ఇంతటి నిరీక్షణలో సాధన సడలడం, తేదీ తెలియగానే ఒక్కసారిగా రోజూ ఆరేడు కిలోమీటర్లు పరుగెత్తడం సహజం. గాయానికి బీజం పడేది అక్కడే. ఊపిరి, కండరాలు కొద్ది వారాల్లో కొత్త శ్రమకు అలవాటు పడతాయి. పిక్క కండరాన్ని మడమ ఎముకకు కలిపే అకిలిస్ టెండన్‌కు రక్తప్రసరణ తక్కువ; అది గట్టిపడటానికి నెలలు పడుతుంది. ఊపిరి సహకరిస్తోంది కదా అని దూరం పెంచిన అభ్యర్థిని ఈ టెండన్ వెనక్కి లాగుతుంది.

నేల గట్టిగా ఉందని నిందించడం పరిపాటి. అందుకని ఎండిన పెన్న, చిత్రావతి ఇసుకలోకి దిగినా మేలు జరగదు. పొడి ఇసుకలో మడమ దిగబడి టెండన్ మరింత సాగుతుంది. పలుచని అడుగు గల బూట్లూ అంతే.

ఏ నొప్పి ఎక్కడిది?

నిద్ర లేచి తొలి అడుగు వేయగానే మడమ కింద మేకు గుచ్చినట్లుంటే అది అరికాలి పట్టీ వాపు. మడమకు రెండు నుంచి ఆరు సెంటీమీటర్ల పైన, వెనుక భాగంలో బిగుతు, నొక్కితే నొప్పి, చిన్న గడ్డలాంటి ఉబ్బు ఉంటే అకిలిస్ టెండన్ దెబ్బతిన్నట్లు. పరుగు మొదట్లో నొప్పి పుట్టి, ఒళ్లు వేడెక్కాక తగ్గుతుంది. ఈ తగ్గుదలే మోసం. మరునాటి ఉదయం అది రెట్టింపై కనిపిస్తుంది. మడమ ఎముకను రెండు ప్రక్కల నుంచి అదిమినప్పుడు నొప్పి ఎక్కువైతే ఎముకలో సన్నని పగులు ఉండవచ్చు. పరుగు వెంటనే ఆపాలి.

టెండన్ నొప్పికి పూర్తి విశ్రాంతి మందు కాదు. పడుకుంటే నొప్పి తగ్గుతుంది గాని బలం రాదు. స్వీడన్‌లోని ఉమియోకు చెందిన ఎముకల వైద్యుడు హాకన్ ఆల్‌ఫ్రెడ్‌సన్ బృందం 1998లో ఒక సులభ వ్యాయామాన్ని ప్రకటించింది. మెట్టు అంచున మునివేళ్లపై నిలబడి, బరువంతా నొప్పి ఉన్న కాలిపై మోపి, మడమను నెమ్మదిగా మెట్టు కిందికి దించాలి. పైకి లేవడానికి రెండో కాలిని వాడాలి. మోకాలు నిటారుగా ఉంచి 15 చొప్పున మూడు విడతలు, కొద్దిగా వంచి మరో మూడు. ఉదయం, సాయంత్రం, 12 వారాలు. ఇంటి అరుగు మెట్టే ఇందుకు చాలు. నొప్పి టెండన్ ఎముకకు అతికే చోటే ఉంటే మాత్రం సమతలంపైనే చేయాలి. ఇది జరిగినన్నాళ్లూ పరుగు దూరాన్ని సగానికి తగ్గించి, సైకిలుతో దమ్ము నిలుపుకోవచ్చు. మరునాటి ఉదయం నొప్పి పెరగకపోవడమే కొలమానం.

పన్నెండు వారాలంటే మూడు నెలలు. తేదీ వచ్చాక అంత వ్యవధి ఎవరికుంటుంది? అందుకే చాలామంది సూదిమందును ఆశ్రయిస్తారు. టెండన్‌లోకి స్టెరాయిడ్ ఎక్కిస్తే అది బలహీనపడి తెగిపోయే ప్రమాదముంది. నొప్పి మాత్ర వేసుకొని పరుగెత్తితే హెచ్చరిక వినిపించకుండా పోతుంది. విరేచనాలకో, జ్వరానికో వాడే సిప్రోఫ్లాక్ససిన్ వంటి యాంటీబయాటిక్‌లు సైతం టెండన్‌కు హాని చేయవచ్చని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2008లో తీవ్ర హెచ్చరిక జారీ చేసింది. ఈ మందులు వాడే రోజుల్లో కఠిన సాధన తగదు.

అదే ఏడాది బీజింగ్ ఒలింపిక్స్‌లో చైనా హర్డిల్స్ వీరుడు లియు షియాంగ్ అకిలిస్ గాయంతోనే బరి నుంచి వైదొలిగారు. 2012లో లండన్‌లో తొలి హర్డిల్ వద్దే ఆయన టెండన్ తెగింది.

వెనుక నుంచి ఎవరో తన్నినట్లు ‘టప్’మన్న శబ్దంతో నొప్పి వస్తే టెండన్ తెగిందని అనుమానించాలి. బోర్లా పడుకోబెట్టి పిక్కను పిసికినప్పుడు పాదం కదలకపోతే ఆ అనుమానం బలపడుతుంది. కట్లు, నాటు మర్దనలతో రోజులు గడపక, అదే రోజు అనంతపురం సర్వజన ఆసుపత్రి ఎముకల విభాగానికి తీసుకువెళ్లాలి.