శంకుస్థాపన మర్నాడు: వేటపాలెం సారస్వత నికేతనం

వేటపాలెం అనగానే కొందరికి మగ్గం గుర్తొస్తుంది, పాత పత్రికలతో పని పడ్డవారికి సారస్వత నికేతనం గుర్తొస్తుంది. చీరాల పక్కనున్న ఈ ఊళ్లో ఊటుకూరి వెంకట సుబ్బరాయ శ్రేష్ఠి చొరవతో 1918లో మొదలైన గ్రంథాలయమిది. 1929లో దీని నూతన భవనానికి గాంధీజీ శంకుస్థాపన చేశారు. ఆయన చేతికర్రను ఇక్కడ నేటికీ పదిలంగా ఉంచారు. నికేతనం గురించి ఎవరు రాసినా ఈ సంగతులు తప్పక చెబుతారు. కానీ మహాత్ముడి రాక ఒక్కరోజు పండుగ. ఆ మర్నాడు తలుపు తీసి, ఊడ్చి, పత్రికలు సర్దిన చేతులదే అసలు చరిత్ర.

అందుకు సాక్ష్యం అక్కడి బీరువాల్లోనే ఉంది. దినపత్రిక సాయంత్రానికల్లా పొట్లం కాగితమైపోతుంది. దాన్ని పొట్లం కానివ్వకుండా తేదీల వారీగా పేర్చి, బైండు చేయించి, చెదలనుంచీ సముద్రపు గాలి తేమనుంచీ కాపాడితేనే తరవాతి తరానికి చరిత్ర ఆధారమవుతుంది. దేశవిదేశాల పరిశోధకులు వేటపాలెం దారి పట్టేది ఆ పాత సంచికల కోసమే. ఈ సంపదను ఏ దాతా ఒక్కసారిగా కొనివ్వలేడు. ఏళ్ల తరబడి రోజూ చేసిన చిన్న పనుల మొత్తమిది. 1914లో బెజవాడలో అయ్యంకి వెంకట రమణయ్య పూనికతో తొలి ఆంధ్రదేశ గ్రంథాలయ మహాసభ జరిగాక ఊరూరా గ్రంథాలయాలు వెలిశాయి. దాతలూ గదులూ ఉండి కూడా మూతపడ్డవి ఎన్నో. ఒక తరం చేతిలోని తాళంచెవి మరో తరం అందుకున్నచోటే గ్రంథాలయాలు నిలిచాయి.

ఇదంతా ప్రభుత్వం చేయాల్సిన పని కదా అని అడగవచ్చు. 1960 నాటి గ్రంథాలయాల చట్టం ఇంటిపన్నుతో పాటు సెస్సు వసూలుకు వీలు కల్పించింది. ఆ సొమ్ము గ్రంథాలయాలకు సకాలంలో చేరడం లేదన్న ఫిర్యాదూ పాతదే. అయినా ప్రభుత్వ బాధ్యతను కాదనలేం, జీతం లేని సేవకే అన్నీ వదిలేయడమూ న్యాయం కాదు. అయితే ఆ చట్టానికి నేల దున్నింది ఊళ్లలోని గ్రంథాలయ సేవకులే. అన్నీ స్కాన్ చేసేస్తే సరిపోదా అన్నది రెండో ప్రశ్న. స్కాన్ చేయాల్సిందే. కానీ స్కాన్ చేయడానికి ముందు కాగితం మిగలాలి, ఏ సంచిక ఏ బీరువాలో ఉందో చెప్పే మనిషీ మిగలాలి. పోటీ పరీక్షలకు చదువుకునే పిల్లలకు కావలసిన నిశ్శబ్దమైన గది, బల్ల, ఫ్యాను ఏ తెరమీదా దొరకవు.

ప్రవాస సంఘాలకు దీన్నుంచి అందే పాఠం కాస్త ఇబ్బందిగానే ఉంటుంది. ఊరికి ఏదైనా చేయాలనగానే మన మనసు కొత్త గది మీదికీ, దానిమీద చెక్కించే పేరు మీదికీ పోతుంది. గది కట్టడానికి దాత దొరుకుతాడు. కరెంటు బిల్లుకూ, బైండింగుకూ, తలుపు తీసే మనిషి జీతానికీ దొరకడు. పేరు కనిపించని ఈ నెలవారీ ఖర్చుకు ఏటా క్రమం తప్పకుండా చందా పంపగలిగితే, అది శంకుస్థాపన కన్నా తక్కువ సేవేమీ కాదు.