ఇంకిన నీటి లెక్క: శూన్యాన్వేషణలో హద్దుల ప్రాధాన్యం

నేలలోకి ఇంకే నీటిని అంచనా వేసేందుకు గ్రీన్, ఆంప్ట్ 1911లో ప్రతిపాదించిన సమీకరణం నేటికీ వాడుకలో ఉంది. అయితే కనుగొనవలసిన రాశి, అంటే ఇంకిన మొత్తం, అందులో సంవర్గమానం లోపలా వెలుపలా కూడా ఉంటుంది. సాధారణ బీజగణితంతో దానిని వేరుచేయడం సాధ్యం కాదు. అందువల్ల పదాలన్నింటినీ ఒకే వైపునకు చేర్చి, ఆ ప్రమేయం విలువ సున్నా అయ్యే బిందువును సంఖ్యాత్మక పద్ధతిలో వెతకాలి.

ఉదాహరణకు, మొదటి నుంచీ పలుచగా నీరు నిలిచి ఉన్న ఒక నేలలో సంతృప్త జలవాహకత గంటకు 1 సెం.మీ. అనుకుందాం. తడి అంచు వద్ద చూషణ పీడనాన్ని తేమ లోటుతో గుణించగా వచ్చే విలువ 6 సెం.మీ. 2 గంటల్లో ఇంకిన నీరు ‘ఇ’ సెం.మీ. అయితే:

ఇ − 6 × సహజ సంవర్గమానం (1 + ఇ/6) − 2 = 0

ఈ ప్రమేయానికి రెండు శూన్యాలున్నాయి: సుమారు 6.31, −3.67. ఇంకిన నీరు రుణాత్మకం కాజాలదు కనుక రెండవది గణితానికే పరిమితం.

న్యూటన్ పద్ధతిలో ప్రారంభ విలువ కీలకం. 0తో మొదలుపెడితే అక్కడ వక్రరేఖ వాలు సున్నా. సున్నాతో భాగించవలసి వస్తుంది. −1తో మొదలుపెడితే మొదటి అడుగులోనే విలువ −10.5కు జారి, రుణ సంఖ్యకు సంవర్గమానం తీయవలసి వస్తుంది. ధన విలువతో మొదలుపెడితే మాత్రం 6.31కి చేరుతుంది.

హద్దులు నిర్ణయించుకుంటే ఈ చిక్కు ఉండదు. గురుత్వాకర్షణ వల్లనే 2 గంటల్లో 2 సెం.మీ. నీరు ఇంకుతుంది, చూషణ దానికి తోడవుతుంది. కాబట్టి 2 సహజమైన దిగువ హద్దు. అక్కడ ప్రమేయం విలువ −1.73, 20 వద్ద +9.20. గుర్తు మారింది, ప్రమేయం అవిచ్ఛిన్నం, ఆరోహణం. కనుక ఈ అంతరంలో ఒకే శూన్యం ఉంటుంది. సమద్విఖండన పద్ధతిలో 11 సార్లు సగం చేస్తే అంతరం 0.01 సెం.మీ. కన్నా తగ్గుతుంది. మ్యాట్‌ల్యాబ్, ఆక్టేవ్‌లలోని ‘ఎఫ్‌జీరో’, పైథాన్ సైపైలోని ‘బ్రెంట్‌క్యూ’ ఈ భరోసాకు అంతర్వేశన వేగాన్ని జోడిస్తాయి.

లభించిన విలువను తిరిగి సమీకరణంలో ప్రతిక్షేపించి సరిచూడాలి. 6.3 సెం.మీ. అంటే హెక్టారుకు 630 ఘనపు మీటర్ల నీరు. సాఫ్ట్‌వేర్ పది దశాంశ స్థానాలు చూపినా, ఫలితపు విశ్వసనీయత క్షేత్రంలో కొలిచిన జలవాహకత, తేమ లోటుల కచ్చితత్వాన్ని మించదు. తడి పంపిణీని, నీటి తడుల వ్యవధిని రైతుకు సూచించేముందు ఈ రెండు పరిశీలనలూ తప్పనిసరి.