పాలు తాగే బుజ్జాయి ముద్ద ఎందుకు తినడు?

ప్యాపిలిలో ఒక ఇల్లు ఊహించుకోండి. ఏడాదిన్నర బుడతడు. సంగటి ముద్ద నోట్లో పెడితే ఉమ్మేస్తాడు. పాల సీసా కనబడితే చాలు, రెండు చేతులూ చాస్తాడు. "పాలు తాగుతున్నాడు, బొద్దుగా ఉన్నాడు, ఇంకేం కావాల?" అంటుంది అవ్వ. మీ ఇంట్లోనూ ఇటువంటి తమ్ముడో చెల్లెలో ఉండవచ్చు. వాడి కింది కనురెప్పను మెల్లగా లాగి చూడండి. లోపల ఎర్రగా ఉండవలసింది పోయి తెల్లగా పాలిపోయి ఉందా? అయితే ఆ బొద్దుతనాన్ని నమ్మరాదు.

ఎందుకో లెక్క వేద్దాం. ఏడాది నుంచి మూడేళ్ల లోపు బిడ్డకు రోజుకు సుమారు 1000 కేలరీల శక్తి కావాలి. ఒక లీటరు బర్రె పాలలో దాదాపు అంత శక్తీ ఉంటుంది. ఇక ఆకలి ఎక్కడిది? ముద్ద వద్దనడం మొండితనం కాదు, కడుపు నిండటం! మరి ఇనుము సంగతి? ఆ బిడ్డకు రోజుకు 8 మిల్లీగ్రాములు కావాలి. లీటరు ఆవుపాలలో ఉండేది అర మిల్లీగ్రాము. అంటే పాలతోనే ఇనుము అందాలంటే రోజుకు పదహారు లీటర్లు తాగాలన్నమాట! పైగా పాలలోని కాల్షియం ఇతర ఆహారంలోని ఇనుమును కూడా సరిగా ఒంటబట్టనివ్వదు. టీ మరీ అన్యాయం. పసిపిల్లలకు పట్టకూడదు.

ఇనుము లేనిదే రక్తంలో హీమోగ్లోబిన్ తయారు కాదు. మెదడు వేగంగా ఎదిగే వయసులో ఈ లోటు చదువు మీద కూడా దెబ్బ తీస్తుంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో అయిదేళ్ల లోపు పిల్లల్లో నూటికి 63 మందికి రక్తహీనత ఉన్నట్లు తేలింది. పాలొక్కటే దీనికి కారణం కాదనుకోండి.

ఇంకొక చిక్కు ఉంది. ఒక గుక్క నీళ్లు తాగండి. తర్వాత ఒక జొన్నరొట్టె ముక్క నమలండి. రెండుసార్లూ నాలుక ఎటు కదిలిందో గమనించారా? తాగేటప్పుడు ముందుకూ వెనక్కూ. నమిలేటప్పుడు పక్కలకు, ముక్కను పళ్ల కిందికి నెడుతూ. ఈ రెండో విద్య పుట్టుకతో రాదు, నేర్చుకోవాలి. ఇంగ్లండులో 1991–92 ప్రాంతంలో పుట్టిన వేలాది పిల్లలను పరిశీలించగా, పది నెలలు దాటాక గాని గడ్డలున్న ఆహారం రుచి చూడనివారు తరువాత తిండి దగ్గర ఎక్కువ పేచీ పెట్టారట.

మరి ఏం చేయాలి? ఆరు నెలలు నిండాక తల్లిపాలతో పాటు మెత్తని ముద్ద మొదలుపెట్టాలి. ఏడాది దాటాక పైపాలు రోజుకు అర లీటరు మించకుండా, గ్లాసుతో, అదీ ముద్ద తిన్న తరువాతే ఇవ్వాలి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ ఎప్పుడో ఒక పిండి రూపొందించింది. వేయించిన గోధుమలు 40 గ్రాములు, శనగపప్పు 16, వేరుశనగ 10, బెల్లం 20. ఇవన్నీ మన అంగట్లో దొరికేవే గదా! మీరే దంచి పెట్టవచ్చు. ఒక్క జాగ్రత్త: బుడ్డలు గింజలుగా పసివాడి చేతికివ్వకండి, గొంతులో అడ్డం పడతాయి. కనురెప్ప తెల్లగా కనబడితే మాత్రం పిండితో సరిపెట్టక, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో రక్తపరీక్ష చేయించమని అమ్మతో చెప్పండి.