వోర్టెక్స్ జనరేటర్

గాలిమర రెక్క ఉపరితలం నుండి గాలి త్వరగా విడిపోకుండా ఆపేందుకు అతికించే చిన్న పలకను వోర్టెక్స్ జనరేటర్ అంటారు. 1940లలో విమానాల కోసం రూపొందిన ఈ సాధనానికి మోటారు గానీ విద్యుత్తు గానీ అక్కరలేదు.

రెక్క మొదలు బలం కోసం మందంగా ఉంటుంది. అక్కడ ఉపరితలాన్ని ఆనుకొని పారే గాలి వేగం కోల్పోయి విడిపోగా, రెక్కను తిప్పే బలం తగ్గుతుంది. వాలుగా నిలిపిన పలకలు చిన్న సుడులను పుట్టించి, పైనున్న వేగవంతమైన గాలిని కిందికి లాగుతాయి. ఆ పొర మళ్ళీ పుంజుకుంటుంది.

1990లలో గాలిమరలు వెలసిన రామగిరి (పూర్వపు అనంతపురం జిల్లా) వంటి పొడి ప్రాంతాలలో రెక్క అంచుకు దుమ్ము, పురుగులు అంటుకొని గరుకుదేరితే గాలి మరింత ముందే విడిపోతుంది. అట్టి నష్టంలో కొంత భాగాన్ని ఈ పలకలు పూడ్చగలవు. అయితే మర పూర్తి సామర్థ్యానికి చేరిన గాలిలో వీటివల్ల అదనపు విద్యుత్తు రాదు. తప్పుచోట అతికిస్తే గాలి నిరోధమే మిగులుతుంది.